డర్బన్ ఇసుకలో కాళ్ళు లేని నలికిరి

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని డర్బన్, ఆఫ్రికా ఖండంలోని అత్యంత రద్దీ రేవుల్లో ఒకటి. అక్కడ రేవుకూ హిందూ మహాసముద్రానికీ మధ్య కోటగోడలా ఒక పొడవాటి మిట్ట అడ్డుగా నిలిచి ఉంటుంది. దాని పేరు బ్లఫ్. నౌకలో నుంచి చూసేవారికి అది పచ్చని కొండలా కనిపిస్తుంది. కానీ అగ్నిపర్వతాలో భూకంపాలో పైకి లేపిన కొండ కాదది. సముద్రపు గాలి యుగాల తరబడి ఎగరేసి పోసిన ఇసుకతిన్నెలే కాలక్రమాన గట్టిపడి, వాటి మీద మళ్ళీ ఇసుక పేరుకుని, ఆపైన అడవి పెరిగి ఏర్పడిన మిట్ట. నేడు దాని మీద ఇళ్ళు, రోడ్లు, బడులు, సైనిక స్థావరాలు ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా పాత తీరపు అడవి ముక్కలు మిగిలాయి.

ఆ ముక్కల్లో, రాలిన ఆకుల కింద, వదులు ఇసుకలో ఒక చిన్న ప్రాణి బతుకుతోంది. జానెడుకు మించని పొడవు, పెన్సిల్ లావు, అద్దంలా నున్నని పొలుసులు, బూడిదా గోధుమా కలిసిన వన్నె. కాళ్ళు లేవు. చూసిన వెంటనే ఎవరైనా పాముపిల్ల అనుకుంటారు. అది పాము కాదు, బల్లుల వర్గానికి చెందిన నలికిరి. ఆంగ్లంలో దీనిని డర్బన్ డ్వార్ఫ్ బరోయింగ్ స్కింక్ అంటారు. డర్బన్‌లో నేలలో దూరి బతికే పొట్టి నలికిరి అని చెప్పుకోవచ్చు. శాస్త్రీయ నామం స్కెలోటిస్ ఇనార్నాటస్. డర్బన్ పరిసర తీరప్రాంతంలో తప్ప భూగోళం మీద మరెక్కడా ఇది లేదు.

సింహానికో ఖడ్గమృగానికో ఉన్న పేరు దీనికి లేదు. దక్షిణాఫ్రికా వెళ్ళే పర్యాటకుల్లో దీనిని చూడాలని కోరేవారు ఉండరు. డర్బన్ వాసుల్లోనే చాలామందికి ఇది తమ కాళ్ళ కింద ఉన్న సంగతి తెలియదు. అయినా ఆ దేశపు సరీసృపాల ఎర్ర జాబితాలో దీని పేరు అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వరుసలో చేరింది. వేటగాళ్ళు లేరు, విషం పెట్టినవారు లేరు, దీని చర్మానికి సంతలో ధర లేదు. మరి ముప్పు ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు ఆ ప్రాణి శరీర నిర్మాణంలో కొంత, ఆ నగరం పెరిగిన తీరులో కొంత ఉంది.

నలికిరి అంటే ఏమిటి

మన పల్లెల్లో గడ్డివాముల దగ్గర, అరుగుల పగుళ్ళలో, తోటల్లోని ఎండుటాకుల మీద మెరుస్తూ జారిపోయే నలికిరిని చూడనివారు తక్కువ. కొన్ని ప్రాంతాల్లో నలికండ్ల పాము అంటారు. పేరులో పాము ఉన్నందున భయమూ కూడా వచ్చింది. కరిస్తే ప్రాణం పోతుందని నమ్మి కనబడగానే కర్ర తీసేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి నలికిరికి విషం లేదు. పురుగులను, చెదలను తిని బతికే సాధుప్రాణి అది.

ఈ నలికిరుల కుటుంబం చాలా పెద్దది. ప్రపంచమంతటా 1,700కు పైగా జాతులు నమోదయ్యాయి. బల్లుల వర్గంలో ఇంత విస్తారమైన కుటుంబాలు తక్కువ. ఎడారుల్లో, అడవుల్లో, సముద్ర ద్వీపాల్లో, ఇళ్ళ పెరళ్ళలో అన్నిచోట్లా ఉంటాయి. వీటిలో ఒక విచిత్రమైన ధోరణి పదేపదే కనిపిస్తుంది. నేల లోపలి బతుకుకు అలవాటు పడిన చోటల్లా, తరతరాలుగా వాటి శరీరం సాగి, కాళ్ళు కుదించుకుపోతాయి. కొన్నింటిలో పూర్తిగా మాయమవుతాయి. ఇది ఒకే పూర్వజీవి నుంచి అన్నింటికీ సంక్రమించిన లక్షణం కాదు. వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు కాలాల్లో, ఎవరికి వారుగా ఎన్నోసార్లు జరిగిన మార్పు.

కాళ్ళు లేనప్పుడు ఇది పాము ఎందుకు కాదు? పాముకు కనురెప్పలు ఉండవు, అందుకే అది రెప్ప వేయదు. కాళ్ళు లేని నలికిరుల్లో చాలావాటికి రెప్పలు ఉంటాయి. ఆపదలో చిక్కితే నలికిరి తన తోకను తానే తెంపుకుని పారిపోతుంది. తెగిన తోక నేల మీద గిలగిల కొట్టుకుంటుంటే శత్రువు దాని వెంట పడుతుంది. అసలు ప్రాణి ఇసుకలో మునిగిపోతుంది. తరువాత కొత్త తోక మొలుస్తుంది. మన ఇంటి గోడ మీది బల్లికి ఉన్న విద్యే ఇది. పైగా చాలా పాముల్లో శరీరం పొడవు, తోక పొట్టి. కాళ్ళు లేని బల్లుల్లో తోక వాటా సాధారణంగా ఎక్కువ.

అలంకారం లేనిది అని పేరు

ఈ ప్రాణికి శాస్త్రీయ నామం పెట్టినది ఆండ్రూ స్మిత్. స్కాట్లండ్ మూలాలు గల సైనిక వైద్యుడు. 1821లో కేప్ ప్రాంతానికి వచ్చి పదహారేళ్ళు ఉన్నాడు. 1825లో ఏర్పడిన దక్షిణాఫ్రికా మ్యూజియానికి తొలి అధిపతి. 1832లో నటాల్ ప్రాంతానికి ప్రయాణించి జూలూ రాజు డింగానేను కలిశాడు. స్వదేశానికి వెళ్ళాక దక్షిణాఫ్రికా జంతువుల మీద ఆయన భాగాలుగా వెలువరించిన మహాగ్రంథం 1838లో మొదలై 1849లో పూర్తయింది. ఈ నలికిరి పేరు లోకానికి తెలిసినది ఆ చివరి సంవత్సరంలోనే. ఇదే స్మిత్ తరువాత క్రిమియా యుద్ధకాలంలో బ్రిటిష్ సైనిక వైద్య విభాగానికి అధిపతిగా ఉండి, అక్కడి ఆసుపత్రుల దుస్థితికి విమర్శలు ఎదుర్కొన్నాడు. చరిత్రలో ఆయన పేరు దానితోనే ఎక్కువగా ముడిపడింది.

ఇనార్నాటస్ అనే లాటిన్ మాటకు అలంకారం లేనిది అని అర్థం. చారలు లేవు, రంగుల తోక లేదు, మెడలో పట్టీ లేదు, కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారు. ప్రజాతి పేరైన స్కెలోటిస్‌లో కాలు అనే అర్థమిచ్చే గ్రీకు మాట వినిపిస్తుంది. పేరులో కాలు ఉండి ఒంటికి లేకపోవడం చిన్న చమత్కారం. కానీ ఆ ప్రజాతి మొత్తాన్ని చూస్తే పేరు అంత తప్పేమీ కాదు. అసలు కథ అక్కడే ఉంది.

మెట్టు మెట్టుగా మాయమైన కాళ్ళు

స్కెలోటిస్ ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులు ఉన్నాయి. దాదాపు అన్నీ ఆఫ్రికా దక్షిణ, తూర్పు భాగాలవే. వీటిని ఒక బల్ల మీద వరుసగా పేరిస్తే పరిణామక్రమం బొమ్మల కొలువులా కనిపిస్తుంది. ఒక చివర ఎస్వాతినీ కొండల్లో ఉండే స్కెలోటిస్ మిరస్. దానికి నాలుగు కాళ్ళు, కాలికి అయిదేసి వేళ్ళు. కాళ్ళు చిన్నవే, పని మాత్రం చేస్తాయి. తరువాతి మెట్టులో కాళ్ళు ఉన్నా వేళ్ళు తగ్గిన జాతులు. ఆపై ముందు కాళ్ళు పూర్తిగా పోయి, వెనుక కాళ్ళు మాత్రం పిలకల్లా మిగిలినవి. కేప్ తీరపు స్కెలోటిస్ బైపీస్‌కు వెనుక కాళ్ళకు రెండేసి వేళ్ళు ఉంటాయి. స్కెలోటిస్ గ్రోనోవీకి ఒక్కొక్కటే. ఇక రెండో చివర ఏ కాలూ లేని మన డర్బన్ నలికిరి, దానికి ఉత్తరాన జూలూలాండ్ తీరంలో ఉండే దాని బంధువు.

స్కెలోటిస్ బైపీస్‌ను తొలిసారి వర్ణించినది ఆధునిక వర్గీకరణ శాస్త్రానికి పునాది వేసిన లిన్నేయస్. 1766లో ఆయన దానికి ఇచ్చిన పేరు ఆంగ్విస్ బైపీస్, అంటే రెండు కాళ్ళ పాము. అంతటి వర్గీకర్త కూడా దానిని పాముల వైపే నెట్టాడంటే, పొలం గట్టు మీద నలికిరిని చూసి కర్ర వెతికే రైతును తప్పుపట్టడానికి మనసు రాదు.

2003లో వెలువడిన ఒక డీఎన్ఏ పరిశోధన ఈ ఆఫ్రికా నలికిరుల చుట్టరికాలను పరిశీలించింది. ఒకే చిన్న ప్రజాతిలో కాలు మాయమయ్యే దశలన్నీ సజీవంగా ఉండటం జీవశాస్త్రవేత్తలకు అరుదైన అవకాశం. తిమింగలాల కాళ్ళు ఎలా పోయాయో తెలుసుకోవాలంటే శిలాజాలు వెతకాలి. ఇక్కడ ఆకులు తొలగిస్తే చాలు. ఒక జాతి పోతే, ఆ వరుసలో ఒక మెట్టు పోయినట్లే.

ఇంతకూ కాళ్ళు వదిలించుకోవలసిన అవసరం ఏమిటి? ఇసుక ఒక వింత పదార్థం. నిలబడితే మోస్తుంది, కదిలిస్తే పారుతుంది. దానిలో మునిగి కదిలే జీవికి పక్కలకు పొడుచుకువచ్చిన ప్రతి అవయవమూ అడ్డే. సహారా ఎడారిలో సాండ్‌ఫిష్ అనే పేరుగల మరో నలికిరి ఉంది. దానికి చక్కని నాలుగు కాళ్ళు ఉన్నాయి. అది ఇసుకలోకి దూకాక ఏం చేస్తుందో తెలుసుకునేందుకు అమెరికా పరిశోధకులు ఎక్స్‌రే చిత్రాలు తీసి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇసుక లోపల అది కాళ్ళను ఒంటికి అదిమిపెట్టుకుని, శరీరాన్ని అలలా వంచుతూ ఈదుకుంటూ పోతోంది. కాళ్ళు ఉన్న జీవే ఇసుకలో వాటిని మడిచి దాచుకుంటుంటే, జీవితమంతా ఇసుకలోనే గడిపే జీవికి వాటితో పనేముంది? డర్బన్ నలికిరి పూర్వీకులు లక్షల ఏళ్ళలో ఆ బరువును దించుకున్నాయి. తల చీలలా మొనదేలింది, పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఇసుకరేణువు చొరబడనంత నున్నగా అమరాయి.

ఆ మార్పు దానికి ఇసుకలో ఎదురులేని వేగం ఇచ్చింది. ఇసుక వెలుపల ఏమీ ఇవ్వలేదు. గట్టి బంకమట్టిని అది తవ్వలేదు. చెట్టెక్కలేదు. కాలిబాట దాటడమే దానికి సాహసం, నాలుగు వరుసల రహదారి దాటడం అసాధ్యం. ఎండ తగిలే సిమెంటు మీద ఒంటి తేమ ఆరిపోతుంది, పక్షుల కంట పడుతుంది. పిల్లి, ఎలుక, కాకి, పావురం నగరంతో సర్దుకుపోయాయి. చుట్టూ భవనం లేస్తే మరో చోటు వెతుక్కునే దారి ఈ నలికిరికి లేదు. ఉన్న ముక్కలో ఉంటుంది. ఆ ముక్క పోతే దానితో పోతుంది.

ఇసుక మీద నగరం

డర్బన్ చుట్టుపక్కల తీరంలో ఎర్రని ఇసుకనేలలు విస్తారంగా ఉన్నాయి. పాత ఇసుకతిన్నెల్లోని ఖనిజాలు వానకూ ఎండకూ శిథిలమై, ఇనుము తుప్పుపట్టి ఆ రంగు వచ్చింది. నగరంలోని బెరియా మిట్ట పేరు మీదుగా భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని బెరియా ఎర్ర ఇసుక అంటారు. భీమునిపట్నం దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం తేలిక.

1824లో ఆంగ్ల వర్తకులు కొందరు ఇక్కడి అఖాతం ఒడ్డున స్థిరపడినప్పుడు ఈ చోటు పోర్ట్ నటాల్. 1835లో కేప్ గవర్నరు డర్బన్ పేరు పెట్టారు. జూలూ భాషలో నగరం పేరు ఎతెక్విని, అఖాతం అనే అర్థంలోంచి వచ్చింది. నాటి నుంచి రేవు లోతు పెంచారు, మడ అడవులు పూడ్చారు, రైలుమార్గాలు వేశారు. అఖాతానికి దక్షిణాన చమురుశుద్ధి కర్మాగారాలు, గిడ్డంగులు, విమానాశ్రయం వచ్చాయి. తీరం పొడవునా ఇళ్ళ కాలనీలు లేచాయి. నేడు ఈ మహానగర పాలక ప్రాంతంలో సుమారు 40 లక్షల మంది నివసిస్తున్నారు. సముద్రం కనిపించే ఎత్తైన ఇసుకమిట్ట ఇళ్ళ వ్యాపారికి బంగారుకొండ. ఈ నలికిరికి కావలసినదీ సరిగ్గా అదే మిట్ట.

ఈ నేలతో తెలుగువారికి ఉన్న బంధం పాతది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే నౌక ఒప్పంద కూలీలతో డర్బన్ రేవు చేరింది. 1911 వరకు సాగిన ఆ వలసలో 1,52,184 మంది భారతీయులు నటాల్ చేరారని లెక్కలు చెబుతున్నాయి. వారిలో అత్యధికులు మద్రాసు రాజధాని వారు, అంటే తమిళులు, తెలుగువారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల కుటుంబాలు ఆ నౌకలు ఎక్కాయి. చెరకు తోటల్లో ఒప్పందం ముగిశాక పలువురు అఖాతం చుట్టూ కౌలుకు నేల తీసుకుని కూరగాయలు పండించారు, చేపలు పట్టారు. 1931లో వారి వారసులు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. 1950 నాటి జాతుల వారీ నివాస చట్టం కింద భారతీయులను నగరం నడిబొడ్డు నుంచి తరలించి చాట్స్‌వర్త్ వంటి కాలనీలకు పంపారు. ఆ కాలనీల కోసమూ తీరపు పచ్చదనాన్నే చదును చేశారు. ఎర్ర ఇసుక తవ్విన ఆ తొలితరం తెలుగు రైతుల పారకు ఈ మెరిసే చిన్న జీవి ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. నలికండ్ల పాము అనే అనుకుని ఉంటారు.

ఒకే ఒక్క నమూనాగా మిగిలిన బంధువు

డర్బన్ నలికిరికి జరగబోయేది ఏమిటో ఊహించుకోనక్కర లేదు. దాని సమీప బంధువుకు ఇప్పటికే జరిగింది. 1887లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త బూలెంజర్ ఒకే ఒక్క నమూనా ఆధారంగా స్కెలోటిస్ గుంథెరీ అనే జాతిని వర్ణించాడు. నమూనా మీది చీటీలో దొరికిన చోటు పోర్ట్ నటాల్ అని ఉంది. ఆ తరువాత అలాంటి ప్రాణి మరొకటి ఎవరికీ దొరకలేదు. 2014లో వెలువడిన దక్షిణాఫ్రికా, లెసోతో, స్వాజిలాండ్ సరీసృపాల పటం, ఎర్ర జాబితా దీనిని అంతరించిన జాతిగా పేర్కొన్నది. అదే గ్రంథం డర్బన్ నలికిరిని అత్యంత తీవ్రమైన ముప్పు ఉన్నదిగా వర్గీకరించింది. ఆ రెండు స్థితుల మధ్య ఎర్ర జాబితాలో మిగిలి ఉన్నది ఒక్క మెట్టే: అడవిలో పోయి బోనులో మిగలడం. నేలలో దూరి బతికే ఇంత చిన్న ప్రాణికి ఆ మెట్టు ఉన్నా లేనట్టే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పోర్ట్ నటాల్ అని చీటీ రాసినంత మాత్రాన ఆ ప్రాణి డర్బన్‌లోనే దొరికిందని ఖాయంగా చెప్పలేం. ఆ రోజుల్లో ఎక్కడో లోపలి ప్రాంతంలో సేకరించిన వస్తువులను కూడా నౌకకు ఎక్కించిన రేవు పేరుతోనే నమోదు చేసే అలవాటు ఉండేది. చీటీ మీది రెండు మాటలు అస్పష్టంగా ఉంటే, నూట పాతికేళ్ళ తరువాత వెతికేవారికి ఎక్కడ వెతకాలో తెలియదు. ఒక ప్రాణి ఉనికి సమస్తం ఒక సీసా, ఒక చీటీగా మిగిలిపోవడం ఎంత బలహీనమైన జ్ఞాపకమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

కనబడనిదాన్ని లెక్కించడం

పులులను లెక్కించాలంటే కెమెరాలు పెడతారు, పాదముద్రలు చూస్తారు. పాదాలే లేని, ఎప్పుడూ పైకి రాని ప్రాణిని ఎలా లెక్కించాలి? సర్వే చేసేవారు దుంగలు తిప్పి చూస్తారు, ఆకుల పొరను చేతులతో వేరు చేస్తారు, పైపొర ఇసుకను నెమ్మదిగా కెలుకుతారు. ఒక పూట వెతికి ఏమీ దొరకకపోతే అక్కడ లేదని అర్థం కాదు. వాన పడని రోజుల్లో అది తేమ కోసం లోతుకు దిగి ఉండవచ్చు. ఈ అనిశ్చితే దీనికి శత్రువు. నిర్మాణానికి ముందు చేసే పర్యావరణ పరిశీలన ఒకటి రెండు రోజుల్లో ముగిస్తే, కనిపించలేదు అనే మాట లేదు అనే ముద్రగా మారిపోతుంది. అలాంటి పరిశీలన అసలు చేయకపోవడం కంటే ప్రమాదకరమని ఈ రచయిత అభిప్రాయం.

మెరుగైన దారులు లేకపోలేదు. అదే దేశపు పశ్చిమ తీరంలో, పోర్ట్ నొలోత్ దగ్గరి ఇసుకల్లో, డి వింటన్ గోల్డెన్ మోల్ అనే చిన్న క్షీరదం ఉంది. అదీ ఇసుకలో ఈదే ప్రాణే. కళ్ళు కనిపించవు. 1930ల తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే చాలామంది భావించారు. దక్షిణాఫ్రికాకు చెందిన ఎండేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్, ప్రిటోరియా విశ్వవిద్యాలయం పరిశోధకులు శిక్షణ పొందిన ఒక కుక్కను వెంట తీసుకుని అక్కడి ఇసుకను జల్లెడ పట్టారు. జంతువులు కదిలిన చోట రాలిపోయే చర్మకణాల్లో, వెంట్రుకల్లో, విసర్జనలో డీఎన్ఏ జాడలు మిగులుతాయి. ఇసుక నమూనాల నుంచి ఆ జాడలు తీసి పోల్చి చూసి, ఆ ప్రాణి బతికే ఉందని 2023 నవంబరులో ప్రకటించారు. ప్రాణి చేతికి చిక్కకపోయినా మట్టి సాక్ష్యం చెప్పగలదని తేలింది. పాదముద్ర వేయని డర్బన్ నలికిరి వంటి జీవులకు ఈ పద్ధతి గొప్ప ఆశ.

మన తూర్పుకనుమల్లోనూ ఇలాంటి ఉదంతం ఒకటి ఉంది. మద్రాసు అటవీశాఖ అధికారి బెడ్డోమ్ 1870లో సెప్సోఫిస్ పంక్టేటస్ అనే కాళ్ళు లేని నలికిరిని వర్ణించాడు. అది దొరికిన చోటును విశాఖపట్నం సమీపంలోని గోల్కొండ కొండలుగా రాశాడు. హైదరాబాదు గోల్కొండతో దీనికి సంబంధం లేదు. ఆ తరువాత శతాబ్దానికి పైగా దాని గురించి కొత్త వార్త లేదు. భారతీయ, విదేశీ పరిశోధకులు తూర్పుకనుమల్లో దానిని మళ్ళీ కనుగొని 2013లో శాస్త్ర పత్రికలో వివరాలు ప్రచురించారు. చిలకా సరస్సులోని బార్కుడా దీవిలో 1917లో అనండేల్ వర్ణించిన బార్కుడియా కూడా కాళ్ళు లేని నలికిరే. ఆ ప్రజాతి జీవి విశాఖపట్నం తీరంలోనూ నమోదైంది. ఇవి డర్బన్ నలికిరి కుటుంబానికి చెందినవే అయినా కాళ్ళు కోల్పోయిన చరిత్ర మాత్రం వేరు. ఒకే సమస్యకు రెండు తీరాల్లో ప్రకృతి ఒకే జవాబు రాసింది. ఆ తీరంలో మాదిరే ఈ తీరంలోనూ ఇసుక, కొండ, ఇళ్ళస్థలాల ధర ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి.

మిగిలిన ముక్కలు

డర్బన్‌కు ఒక విషయంలో మంచి పేరుంది. నగరంలోని అడవి ముక్కలు, గడ్డిభూములు, వాగులు, చిత్తడి నేలలను ఒకదానితో ఒకటి కలుపుతూ సంరక్షించేందుకు 1980లలోనే డీమాస్ అనే ప్రణాళికను రూపొందించుకుంది. నేడు అది 70 వేల హెక్టార్లకు పైగా నేలను తన పరిధిలోకి తెచ్చింది. ఆ నేలలో చాలా భాగం ప్రైవేటు వ్యక్తులదే. అయినా అక్కడ కట్టడానికి ముందు పర్యావరణ పరిశీలన తప్పనిసరి. మపుటాలాండ్, పాండోలాండ్, అల్బనీ ప్రాంతాలను కలిపి ప్రపంచ జీవవైవిధ్య కీలక ప్రాంతాల్లో ఒకటిగా గుర్తించారు. డర్బన్ దాని మధ్యలోనే ఉంది.

అయితే పటంలో పచ్చరంగు వేసినంత మాత్రాన ఈ నలికిరికి ఇల్లు దొరకదు. దానికి కావలసినవి వదులైన ఇసుక, దాని మీద కుళ్ళుతున్న ఆకుల పొర, ఆ పొరలో చెదలు, పురుగులు. అడవి నేలను పార్కుగా మార్చి ఆకులు ఊడ్చేస్తే, పచ్చిక పరిచి నీళ్ళు పోసి రోలరుతో తొక్కిస్తే, చూడటానికి పచ్చగానే ఉంటుంది. కింద ఇసుక బిగుసుకుపోతుంది. లాంటానా, క్రోమొలీనా వంటి పరదేశపు పొదలు కమ్ముకున్నా అసలు అడవి మారిపోతుంది. సముద్రపు అలల కోత, రోడ్డు పక్క మురుగు, చెత్త పోగులు ఇవన్నీ చిల్లర దెబ్బలు. ముక్కలు చిన్నవైనప్పుడు చిల్లర దెబ్బలే ఎక్కువ బాధిస్తాయి.

మరో ఇబ్బంది సంతానానికి సంబంధించినది. ఈ ప్రజాతిలో చాలా జాతులు గుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. కానుపుకు పుట్టేవి కొద్ది పిల్లలే. ఒక అడవి ముక్కలో పది జీవులు చనిపోతే ఆ లోటు త్వరగా పూడదు. పక్క ముక్క నుంచి కొత్తవి వచ్చి చేరేందుకు మధ్యలో రోడ్డు ఉంది. ముక్కల మధ్య రాకపోకలు తెగినకొద్దీ దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలగడం పెరుగుతుంది. ఒక ముక్కలో జాతి ఆరిపోతే అది మళ్ళీ తనంతట తాను వెలగదు.

అందుకే ఇక్కడ సంరక్షణ అంటే పెద్ద అభయారణ్యం ప్రకటించడం కాదు. అంత నేల అక్కడ మిగలలేదు. ఇంటి వెనుక మిగిలిన చిన్న తోపును, బడి ప్రహరీ పక్కనున్న దిబ్బను, గోల్ఫ్ మైదానం అంచున వదిలేసిన చెట్ల వరుసను అలాగే ఉంచడం. రాలిన ఆకులను తగలబెట్టకపోవడం. పడిపోయిన చెట్టును కట్టెలకు కొట్టకుండా కుళ్ళనివ్వడం. ఇవేవీ ఖరీదైన పనులు కావు, గొప్పగా కనిపించే పనులు అసలే కావు. బహుశా అందువల్లే నిధులు కోరే పత్రాల్లో వీటికి చోటు దొరకడం కష్టం.

సరీసృపాలను పరిశీలించేవారికి ఒక పాత నియమం ఉంది. తిప్పి చూసిన దుంగను, రాయిని వెళ్ళేముందు సరిగ్గా మునుపు ఉన్న తీరునే, అదే గుంతలో, అదే వైపు బోర్లించి పెట్టాలి. కింద ఏళ్ళ తరబడి నిలిచిన తేమ ఒక పూట ఎండకే ఆరిపోతుంది. ముందుగా దొరికిన ప్రాణిని పక్కన ఇసుక మీద వదలాలి, తరువాత దుంగను దించాలి. వరుస మారితే అది నలిగిపోతుంది. ఇసుక మీద పెట్టిన నలికిరి ఒకసారి ఇటూ అటూ వంగి, మొనదేలిన తలను రేణువుల మధ్య గుచ్చుతుంది. రెప్పపాటులో తోక కూడా కనిపించదు.